నారింజ పక్కన ఖాళీ

ఐదో తరగతి పిల్లలకు ఇలాంటి పనులు పెట్టేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. ఒక మాట తీసుకుని, యూరప్ భాషల్లో దాన్ని ఏమంటారో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అట్ట మీద మ్యాప్ గీసి చూపించాలట. ప్రతి మాట పక్కనా అది ఎవరి నోట విన్నారో కూడా రాయాలట. మా అమ్మాయి ‘ఆరెంజ్’ ఎంచుకుంది. దాంతో శనివారమంతా ఈ అమెరికాలో మా ఊరు పార్సిప్పనీ అంతా కారేసుకుని తిరగడం నా పనైంది.

కింది ఫ్లాట్‌లో ఉండే స్పానిష్ బామ్మ ‘నరాంహా’ అంది. పిజ్జా షాపు ఇటాలియన్ ‘అరాంచా’ అన్నాడు. డైనర్ అనే చిన్న హోటల్ నడిపే గ్రీకు పెద్దాయన ‘పోర్తొకాలి’ అన్నాడు. పోర్చుగల్ వాళ్ళు ఓడల్లో తెచ్చారని పండుకు ఆ దేశం పేరే పెట్టారట. ఆ కథ అయ్యేసరికి నా కాఫీ చల్లారిపోయింది. మా ఆఫీస్‌లో పనిచేసే జర్మన్ ఆవిడ ఫోన్‌లో ‘ఆప్ఫెల్‌జీనె’ అంది. చైనా ఆపిల్ అని అర్థమట.

ఆదివారం మధ్యాహ్నం అట్ట చూస్తే నాకు ఒళ్ళు మండింది. బాణాలు స్పెయిన్ దగ్గర మొదలయ్యాయి.

“ఇదేంటమ్మా? స్పెయిన్‌కి అరబ్బులు తెచ్చారు. వాళ్ళకి పర్షియా నుంచి వచ్చింది. పర్షియాకి మనవైపు నుంచే వెళ్ళింది. మన నారింజ ఏదీ?”

“నారింజ అంటే ఏంటి డాడీ?”

ఇక నాకు కోపం ఆగలేదు. సొంత భాషలో పండు పేరు కూడా రాదా అని అరిచాను. నేనే ఒక కార్డు మీద ‘నారింజ’ అని రాసి ఇండియా మీద అతికించాను. తను మొహం ముడుచుకుని మిగతా మాటల పక్కన పేర్లన్నీ రాసింది. మనదాని దగ్గర ఆగిపోయింది.

“ఇక్కడ ఎవరి పేరు రాయాలి?”

“నా పేరు రాయి.”

“కానీ నువ్వు అనవు కదా. రోజూ లంచ్ బాక్స్‌లో ఆరెంజ్ పెట్టా అంటావు. మమ్మీ కూడా ఆరెంజే అంటది.”

“ఇప్పుడు అన్నాను కదా.”

“అది నన్ను తిట్టడానికి అన్నావు.”

తప్పు నాదని తెలిసి కూడా, నీ ఇష్టం పో అని విసుక్కుని లేచిపోయాను.

సోమవారం పొద్దున లంచ్ బాక్స్ సర్దుతూ, ఇవాళ సరిగ్గా అనాలి, తను విని ఆ ఖాళీలో నా పేరు రాసుకోవాలి అనుకున్నాను. తను అట్ట చంకన పెట్టుకుని, షూ వేసుకుని, తలుపు దగ్గర నిలబడి ఉంది.

“ఆరెంజ్ పెట్టానమ్మా” అన్నాను.