స్టాంపు కాగితం మీద చాయ్

వనపర్తి రిజిస్ట్రారాఫీసు ముందు రేకుల షెడ్డు కింద కూర్చునే ఎనిమిది మంది దస్తావేజు లేఖరుల్లో ముత్యాల్లాంటి దస్తూరీ ఒక్క నిజాముద్దీన్ సాబ్‌దే. ఆ ముత్యాల మీద నిండు కప్పు చాయ్ ఒలకబోసే అలవాటూ ఆయనదే.

చుక్కో రెండు చుక్కలో చిందడం కాదు. అలాంటి చిల్లర పనులు ఆయన చెయ్యడు. రాత అంతా పూర్తయి, అమ్మేవాళ్ళ వేలిముద్ర పడబోయే పవిత్ర ముహూర్తంలో, బల్ల కుడి మూలనున్న కప్పు మోచేయి తగిలి బోర్లా పడేది. చాయ్ సర్వే నంబరు దగ్గర మొదలై, నాలుగు హద్దులూ ముంచి, సాక్షుల పేర్ల దాకా పారేది. కాలువ నీళ్ళు కూడా ఇంత న్యాయంగా చివరి మడి దాకా రావని రైతులు మెచ్చుకునేవారు. నిజాముద్దీన్ మాత్రం జాతీయగీతానికి నిలబడ్డంత గంభీరంగా లేచి నిలబడి, "ముసలి చెయ్యి. మాఫ్ చెయ్యుండ్రి. కొత్త కాగితం నేనే తెప్పిస్త" అనేవాడు. ఆ తర్వాత తడి కాగితాన్ని ఎండకు పట్టుకొని, బతికి బయటపడ్డ అక్షరాలేవో వీధి చివరి దాకా వినపడేట్టు చదివేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకు కొన్ని పిచ్చులుంటాయి.

ఈ చాయ్ వల్ల పక్కనే స్టాంపు కాగితాలు అమ్మే యాదయ్యకు బేరం పెరిగింది, పేరు చెడింది. "నువ్వు, సాబు కలిసే ఒలకబోస్తున్నరు గద, నీ వాటా ఎంతనే?" అని అవతలి బల్ల లేఖరి రామన్న రోజూ అడిగేవాడు. రామన్న ఛాందసుడు. చాయ్ ముట్టడు, ముట్టేవాళ్ళను నమ్మడు. వాటా తీసుకొని మాటపడితే యాదయ్య ఓర్చుకునేవాడే. తీసుకోకుండా పడాల్సి రావడమే అతణ్ణి కుంగదీసింది.

"భాయ్, కప్పు జర ఎడమ దిక్కు పెట్టుకోరాదు?" అని ఓరోజు అడిగాడు.

"ఎడమ దిక్కు సిరా బుడ్డి ఉన్నది."

"టేబుల్ కింద పెట్టుకో."

"కాలు తగుల్తది."

"చాయ్ తాగుడే బంద్ చెయ్యి మల్ల!"

నిజాముద్దీన్ అతని వైపు జాలిగా చూశాడు. "చాయ్ లేకుంట దస్తావేజు ఎట్ల రాస్తరు యాదయ్యా?"

లాభం లేదని యాదయ్య సాబు భార్య హాజిరాకే ఫిర్యాదు చేశాడు. ఆమె పకపకా నవ్వింది. "ఈయననా? ముప్పై ఏండ్లల్ల ఇంట్ల ఒక్క చుక్క ఒలకబొయ్యలే. రంజాన్ నాడు షీర్ ఖుర్మా గిన్నె ఒక్క చేత్తోని పట్టుకొని నిచ్చెనెక్కుతడు!" యాదయ్య దీన్ని పతిభక్తి అనుకొని ఇంటికి పోయాడు.

నిజాముద్దీన్‌కు ఇంకో జబ్బు కూడా ఉండేది. అది వ్యవసాయం. ఆయన పేరున గుంటెడు జాగ లేదు. అయినా అమ్మేవాళ్ళు రాగానే కలం మూత తియ్యకముందే, "వచ్చే వానలకు చేన్ల ఏమేస్తవు?" అని అడిగేవాడు. అమ్ముకునే చేనులో ఎవరేం వేస్తారు? "నాకేం ఎరుక, కొన్నోన్ని అడుగు" అనేవారు చాలామంది. ప్లాట్లు కోసి అమ్మే ఆసామి ఒకడు "రాళ్ళు పాతుత" అన్నాడు. "మంచి పంట. పురుగు పట్టది" అని సాబు ఆశీర్వదించాడు.

రెండు వేల ఏడు ఎండాకాలం. హైదరాబాదు కార్లు ఈ దిక్కు బీళ్ళ చుట్టూ ఈగల్లా తిరుగుతున్న రోజులు. ఓ మధ్యాహ్నం పాన్‌గల్ నుంచి రంగమ్మ వచ్చింది. బొంబాయిలో ఏడేళ్ళు ఇటుకలు మోసి ఊరికి తిరిగొచ్చిన మనిషి. పేరున ఉన్నది రెండెకరాలు. వెంట ఇస్త్రీ చొక్కాలో మరిది కొడుకు శేఖర్. కొనే ఆసామి ఎండకు భయపడి కారులోనే కూర్చున్నాడు.

"మా పెద్దమ్మకు తొందరున్నది సాబ్" అన్నాడు శేఖర్. "జల్ది రాస్తే వేలు పెడ్తది, పోతది."

"రాస్త బిడ్డా." నిజాముద్దీన్ రంగమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, వచ్చే వానలకు చేన్ల ఏమేస్తవు?"

శేఖర్ నోరు తెరిచేలోపే రంగమ్మ ముఖం వెలిగిపోయింది. "ఆముదాలేస్త సాబ్. గట్టు పొంటి కందులు. ఈ లోను రాంగనే మా శేఖర్ బోరేపిస్తనన్నడు, గప్పుడు పల్లి గూడ ఏస్త!"

శేఖర్‌కు పొలమారింది. నిజాముద్దీన్ ఏమీ విననట్టు రాయడం మొదలుపెట్టాడు. చాయ్ కప్పును మాత్రం రెండంగుళాలు కాగితం వైపు జరిపాడు.

అది యాదయ్య కంటబడింది. జొన్నలేస్తనన్న కోడేరు కురుమయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు చాయ్ ఒలికింది. వరేస్తనన్న పెబ్బేరు కాంతమ్మ గుర్తొచ్చింది. ఆ రోజూ ఒలికింది. రాళ్ళు పాతినవాడి కాగితం మీద ఈగ కూడా వాలలేదు. అమ్ముతున్న సంగతి తెలియనివాళ్ళే పంట పేరు చెబుతారు! పదేళ్ళు పక్కనే కూర్చొని ఇంత చిన్న ముక్క గ్రహించలేని తనను ప్రభుత్వం ఏ ధైర్యంతో స్టాంపులు అమ్మనిచ్చిందో యాదయ్యకు అర్థం కాలేదు.

రాత ముగిసింది. రంగమ్మ బొటనవేలికి సిరా పూశారు. "లోపల సారు ఏమడిగినా తల ఊపు పెద్దమ్మా" అంటున్నాడు శేఖర్. వేలు కాగితం మీదికి దిగుతోంది.

కప్పు పడింది.

"అయ్యో! ముసలి చెయ్యి..."

"నీ చెయ్యి పాడుగాను!" అని సాబును తిట్టి, శేఖర్ యాదయ్య మీదికి వచ్చాడు. "ఇంకో కాగితం ఇయ్యే, జల్ది!"

యాదయ్య తన జీవితంలో మొదటిసారి బేరం వద్దనుకున్నాడు. కాగితాల కట్ట మీద కూర్చున్నాడు. "అయిపోయినయ్."

"నీ కిందున్నయేంది మరి?"

"ఇవా? ఇవి గూడ తడిసినయ్."

ఈలోగా నిజాముద్దీన్ తడి కాగితం ఎండకెత్తి పట్టి చదువుతున్నాడు. "పాన్‌గల్ రంగమ్మ అను నేను... ఇక్కడ తడిసింది... నా రెండెకరాల భూమిని... ఇదీ తడిసింది... శాశ్వతంగా విక్రయించి... ఇది తడవలే! సర్వహక్కులూ వదులుకొని... అరె, ఇది గూడ తడవలే!"

"విక్రయించుడేంది?" రంగమ్మ లేచింది. "ఒరే శేఖర్, లోనంటివి గదరా!"

"లోను కాయిదాల గూడ గట్లనే రాస్తరు పెద్దమ్మా..."

"బొంబాయిల ఏడేండ్లు మేస్త్రీల మాటలు విన్నదాన్నిరా నేను. నాకు చెప్తున్నవా? వేలే గద నీకు గావాల్సింది, ఇగో!"

సిరా పూసిన బొటనవేలు ఇస్త్రీ చొక్కా మీద, సరిగ్గా జేబు కింద, స్పష్టంగా పడింది. అంత చక్కటి వేలిముద్ర ఆ షెడ్డు కింద మళ్ళీ పడలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. కొనే ఆసామి కారు అద్దం దించి ఒకసారి చూసి, శేఖర్‌ను ఎక్కించుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆ చలికాలం రంగమ్మ మూటెడు కందులు తెచ్చి, సాబు బల్ల మీద సగం, యాదయ్య బల్ల మీద సగం పోసి వెళ్ళింది. అప్పుడు అడిగాడు యాదయ్య. "అమ్ముడు కాయిదమని నేరుగ చెప్తే అయిపోతుండె గద భాయ్. ఈ చాయ్ ఎందుకు?"

నిజాముద్దీన్ అంచుల దాకా ఉన్న కప్పు ఎత్తి, ఒక్క చుక్క తొణక్కుండా తాగి కింద పెట్టాడు. "నేను చెప్పబోతే వెంటొచ్చినోళ్ళు వాళ్ళను లేపుకొని పక్క టేబుల్‌కు తీస్కపోతరు. ఆడ రామన్న ఉంటడు. రామన్న చాయ్ తాగడు."

రామన్న అటు తిరిగి ఏదో రాసుకుంటున్నాడు.

మర్నాడు రామన్న బల్ల కుడి మూలన నిండు కప్పు చాయ్ కనిపించింది. సాయంత్రం దాకా అది అలాగే మీగడ కట్టి కూర్చుంది. ఎంతైనా ఆయనకు చాయ్ పడదు కదా.