ఖాళీ నంబరు కింద పోయిన రోడ్డు

2015వ సంవత్సరం. పడమటి ప్రకాశం జిల్లాలో ఒక రోడ్ల సబ్ డివిజన్ ఆఫీసులో నేను టెక్నికల్ అసిస్టెంటుగా ఉన్నాను. ఏ ఊరి ఆఫీసో రాయను. మావైపు వాళ్లకు రాయకపోయినా తెలిసిపోతుంది. పాత భవనం, వానొస్తే కారే స్లాబు, కారే చోటు తప్పించి వేసుకున్న బల్లలు. ఆఫీసు గేటు ముందే మోకాలి లోతు గుంత ఒకటి ఉండేది. రోడ్లు వేసేవాళ్ల గేటు ముందే గుంత అని వచ్చినవాళ్లంతా నవ్వేవాళ్లు. వాళ్లతో పాటు మేమూ నవ్వేవాళ్లం.

నా పని రోడ్ రిజిస్టర్ చూసుకోవడం. మా పరిధిలోని ప్రతి రోడ్డుకూ అందులో ఒక లైను ఉంటుంది. పేరు, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, పొడవెంత, ఏ తరగతి. స్టేట్ హైవేది పెద్ద తరగతి. దాని కింద ఎండీఆర్, అంటే మేజర్ డిస్ట్రిక్ట్ రోడ్డు. దానికీ కింద చిన్న రోడ్లు. రిజిస్టర్లో లైను ఉంటేనే రోడ్డు ఉన్నట్టు. నేలమీద తారు నిగనిగలాడుతున్నా లైను లేకపోతే ప్రభుత్వం దృష్టిలో అక్కడ రోడ్డు లేదు. లైను ఉందంటే మాత్రం, అక్కడ కంకర కూడా మిగలకపోయినా రోడ్డు ఉన్నట్టే లెక్క.

పెళ్లిళ్లలో, బస్సుల్లో కలిసినవాళ్లు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. స్టేట్ హైవే నంబర్లు వరసగా ఉండవెందుకు, మధ్యలో కొన్ని ఎటు పోయాయి అని. దాచాల్సిందేమీ లేదు. ఒక స్టేట్ హైవేను నేషనల్ హైవే వాళ్లు తీసుకుంటే మా జాబితాలో దాని నంబరు ఖాళీ అవుతుంది. రెండు రోడ్లను కలిపి ఒకటి చేస్తే ఒక నంబరు మిగిలిపోతుంది. రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు అటువైపు పోయిన రోడ్లు తమ నంబర్లు కూడా పట్టుకుపోయాయి. ఆ ఖాళీని మాత్రం ఇంకో రోడ్డుకు తేలిగ్గా ఇవ్వరు. పాత బ్రిడ్జిల డ్రాయింగులు, భూసేకరణ ఫైళ్లు, కోర్టు కేసులు అన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి కాబట్టి, దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అలా జాబితాలో ఆ గడి తెల్లగా ఉండిపోతుంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు మాకొక మెమో వచ్చింది. ఖాళీ నంబర్లలో కొన్నింటిని వాడుకునే ఆలోచన ఉంది, పెద్ద తరగతికి తగిన రోడ్లుంటే ప్రతిపాదించండి అని. మా ఆఫీసుకు పెద్ద ఇంజనీరైన అప్పటి డీఈ గారు మంచి ఉత్సాహం మీదున్నారు.

"మస్తాన్, ఎర్రమిట్టపల్లె రోడ్డు పంపుదాం. పొదిలి రోడ్డు నుంచి హనుమంతునిపాడు వైపు అడ్డంగా పోయేది అదొక్కటే గదా. స్టేట్ హైవే అయితే వాగు మీద పెద్ద బ్రిడ్జే వస్తుంది" అన్నారు.

ప్రతిపాదన నేనే రాశాను. ఏ ఖాళీ నంబరు అడగాలో కూడా నేనే ఎంచాను. ఆ నంబరు ఇక్కడ చెప్పను. చెప్పినా వెతుక్కోవడానికి ఏ రోడ్డు మీదా అది కనిపించదు. ప్రతిపాదన పంపిన రోజు సాయంత్రమే, మా ఆఫీసులో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు ప్రకారం, ఎండీఆర్ జాబితాలో ఎర్రమిట్టపల్లె రోడ్డు లైను మీద స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో కొట్టేశాను. స్టేట్ హైవేల పేజీలో ఆ ఖాళీ గడిలో పెన్సిల్‌తో రోడ్డు పేరు రాశాను. ఒకే రోడ్డును రెండు జాబితాల్లో చూపించారని అంతకుముందు ఆడిట్ వాళ్లు మమ్మల్ని బాగా చీవాట్లు పెట్టి ఉన్నారు. అందుకే ప్రతిపాదన పోగానే పాత లైను కొట్టేసి, కొట్టేసినట్టు పైకి రాయడం మాకు మామూలైపోయింది. కొత్త చొక్కాకు కొలతలిచ్చి వచ్చి, ఒంటిమీది చొక్కా విప్పి పారేసినట్టు. గీత తిన్నగా వచ్చిందా లేదా అన్నదే ఆ రోజు నేను చూసుకున్నది.

ఆ తర్వాత సోమవారం అర్జీల రోజు కాశయ్య వచ్చాడు. ఎర్రమిట్టపల్లెలో ఆటో తోలేవాడు. ఊరి ముందు మొండివాగు మీద చప్టా ఉండేది. చప్టా అంటే బ్రిడ్జి కాదు, వాగు అడుగునే కాంక్రీటుతో పరిచిన దారి. నీళ్లు తక్కువుంటే దాని మీంచి పారుతుంటాయి, మనుషులు దాటుతుంటారు. అది పగిలిందని అతని అర్జీ.

"ఇంక చప్టా ఏంది కాశయ్యా, మీ రోడ్డు స్టేట్ హైవే కాబోతోంది" అన్నాను గొప్పగా.

"ఏందీ, మా రోడ్డా? హైవేనా?" అని నోరు తెరిచాడు. "నంబరు గూడా ఉంటదా అన్నా?"

నంబరు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. వారం తిరక్కుండా ఊరివాళ్లు రోడ్డు మొదట్లో ఉన్న కిలోమీటరు రాయికి తలమీద ఆకుపచ్చ రంగు వేసి, కింద ఆ నంబరు రాసుకున్నారు. స్టేట్ హైవే రాళ్లకు ఆకుపచ్చ తల ఉంటుందని ఎవరో చెప్పారట. డీఈ గారు జీపులో పోతూ అది చూసి చాలాసేపు నవ్వారు.

ఏడాది తిరిగింది, మంజూరు రాలేదు. ఆ ఏడు వానలకు చప్టా సగం కొట్టుకుపోయింది. మరమ్మతుకు నేను ఎస్టిమేట్ తయారుచేశాను. పెద్ద పనేం కాదు, నాలుగు వరసల పైపులు వేసి పైన కాంక్రీటు పోయడం. కంప్యూటర్లో ఎక్కించబోతే రోడ్ కోడ్ అడిగింది. ప్రతి రోడ్డుకూ ఒక కోడ్ ఉంటుంది, అది లేకుండా ఏ పనీ ముందుకు కదలదు. పాత కోడ్ కొడితే రద్దయిందని చూపించింది. రద్దు చేయమని పైకి రాసింది నేనే. కొత్త నంబరు కొడితే అలాంటి రోడ్డు లేదంది. ఆ రోడ్డు అటూ లేదు, ఇటూ లేదు.

పాత తరగతిలోకి మళ్లీ చేర్చమని రాశాను. వచ్చిన జవాబు ఇప్పటికీ నాకు నోటికొచ్చు. "ప్రతిపాదన పరిశీలనలో ఉన్నందున పాత తరగతి పునరుద్ధరణ ఈ దశలో అవసరం లేదు." మళ్లీ రాశాను, అదే జవాబు మళ్లీ వచ్చింది, తేదీ మాత్రం మారింది. పంచాయతీ రోడ్లవాళ్లను అడిగితే, మీ రోడ్డు మాకెందుకు అన్నారు. పక్క రోడ్డు కోడ్ మీద ఎక్కించి చూశాను. ఎస్టిమేట్‌తో పెట్టిన ఫోటోలో ఉన్న చోటు, కోడ్ చెప్పే చోటు కలవడం లేదని తిప్పికొట్టి, నాకొక మెమో కూడా ఇచ్చారు. ఆ డీఈ గారు బదిలీ అయ్యారు. తర్వాత వచ్చినాయన ఫైలంతా చదివి, "కొట్టేసిందెవరు?" అన్నారు. "నేనే సార్" అన్నాను. ఆయన ఫైలు మూసి పక్కన పెట్టారు.

2018లో కాశయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట భార్య రమణమ్మ ఉంది. మొహం ఉబ్బి ఉంది, చేతికి దూది అంటించి ఉంది. మా పడమటి ఊళ్ల ఫ్లోరైడు నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. ఆమెకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు మార్కాపురం తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి.

"ఎండాకాలం అయితే వాగులో ఇసక మీంచే తోలుకొస్తన్నా అన్నా. వానాకాలంతోనే భయం. నీళ్లు వస్తే ఆటో దిగదు. మంచం మీద ఎత్తుకొని దాటిస్తన్నాం. నడుం లోతు దాటితే అదీ లేదు" అన్నాడు.

"చుట్టూ తిరిగి రావడానికి దారి లేదా?"

"ఉంటే నీ కాడికి ఎందుకొస్తానన్నా?"

రమణమ్మ నా బల్ల ముందు కూర్చుని గోడకున్న మ్యాపు చూస్తోంది. "మా ఊరు యాడుందన్నా ఇందులో?" అని అడిగింది. చూపించాను. మ్యాపు కొత్తగా వేసింది. ఊరి పేరు ఉంది, ఊరికి పోయే గీత లేదు. ఎండీఆర్ కాదు కాబట్టి ఎండీఆర్ రంగులో గీయలేదు, స్టేట్ హైవే కాలేదు కాబట్టి ఆ రంగులోనూ గీయలేదు. "గీత లేకపోయినా మేం వచ్చినాంలే" అని ఆమె నవ్వింది. ఎందుకో నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు వాళ్లకు నిజం చెప్పాల్సింది. మీ రోడ్డును ఇట్లా చేసింది నేనే, బాగుచేసే దారి నా చేతిలో లేదు, మార్కాపురంలో ఆస్పత్రి దగ్గరే ఒక గది అద్దెకు తీసుకోండి అని చెప్పి ఉంటే వాళ్లు ఎట్లాగోట్లా సర్దుకునేవాళ్లేమో. నేను చెప్పలేదు. "పైన ఫైలు కదుల్తోంది, వానల్లోపు అయిపోతుంది" అన్నాను. ఆఫీసులో పని చేసేవాళ్లకు ఈ మాట ఊపిరంత తేలిగ్గా వస్తుంది. వాళ్లు నమ్మారు. గది తీసుకోలేదు.

ఆ ఏడు వానలు పెద్దగా పడలేదు. అదృష్టం అనుకున్నాను. మరుసటి ఏడు మాత్రం మంగళవారం పొద్దున మొదలైన వాన శుక్రవారం దాకా విడవలేదు. మొండివాగు ఒడ్డులు దాటి పారింది. బుధవారం ఆమె ఆస్పత్రికి పోవాల్సిన రోజు. ఆ రోజు కాశయ్య నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి మాట్లాడాను, రెవెన్యూ వాళ్లకు చెబుతానన్నాను, చెప్పాను. వాళ్లు తాళ్లూ మనుషులూ పంపుతామన్నారు, వాగు ఉధృతి చూసి రాలేకపోయారు. రెండోసారీ మూడోసారీ ఫోన్ మోగుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు. గురువారం మధ్యాహ్నం రమణమ్మ ఊపిరాడక చనిపోయింది. వాగుకు ఇవతల అంబులెన్సు నిలబడే ఉందట.

నెల దాటాక పైనుంచి ఒక జాబితా వచ్చింది. గడువు మీరిన అర్జీలన్నీ సాయంత్రంలోగా మూసేయాలి, ఒక్కటి మిగిలినా సంజాయిషీ ఇవ్వాలి అని. మా ఆఫీసు పేరు మీద మిగిలింది కాశయ్య అర్జీ ఒక్కటే. మూయాలంటే అర్జీదారు సంతకం తీసుకోవాలి. ఫోన్ చేశాను. రానంటాడనుకున్నాను. వచ్చాడు. గుండు చేయించుకున్న తల మీద వెంట్రుకలు అప్పుడప్పుడే వస్తున్నాయి.

"అర్జీ మూయాలి కాశయ్యా, ఒక సంతకం పెట్టు" అన్నాను. ఇంకెలా అడగాలో తెలియలేదు.

"చప్టా ఏసినారా?"

"లేదు."

"మరి మూసేదేంది?"

గడువు అయిపోయిందని చెప్పాను. చెబుతుంటే నాకే అసహ్యం వేసింది. అంతకుముందు ఎన్నడూ నోరెత్తని విషయం ఆ రోజు చెప్పేశాను. ఎర్ర ఇంకుతో ఆ లైను కొట్టేసింది నేనేనని చెప్పాను. అతను అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. అతనికి నేను చెప్పింది సగమే అర్థమైనట్టుంది. రిజిస్టర్లో గీత కొడితే వాగు మీద చప్టా ఎందుకు రాదో అర్థం కావడానికి అతనేం మా ఆఫీసులో పని చేయలేదు.

"మూయమాకన్నా" అన్నాడు. "ఆమె పోయింది గానీ వాగు యాడికీ పోలేదు గదా. మా పక్కింటి సుబ్బయ్యకు మొన్ననే కిడ్నీ మిషను మొదలుపెట్టినారు. వాని కోసమన్నా ఉండనీ ఆ కాయితం."

సంతకం పెట్టకుండానే లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అర్జీ మూయడానికి అందులో రెండే దారులు చూపిస్తుంది. ఒకటి "పరిష్కరించబడినది". రెండోది "అర్జీదారునికి ఆసక్తి లేదు". ఉండనివ్వడానికి మూడో దారి లేదు, ఉన్నా దానికి సంజాయిషీ రాయాలి. అప్పటికే నా మీద ఒక మెమో ఉంది, రిటైర్మెంటుకు ఎక్కువ కాలం లేదు. రెండోది నొక్కాను. సంతకం ఉండాల్సిన చోట "అందుబాటులో లేరు" అని రాశాను. అతను నా ఎదురుగా కూర్చుని వెళ్లి అప్పటికి రెండు గంటలైనా కాలేదు.

ఈ కేసు నాకు నేర్పింది చాలా చిన్న ముక్క. కొత్త నంబరు వచ్చి, దానికి కోడ్ వచ్చి, దాని మీద ఒక పనైనా జరిగేదాకా పాత లైను ముట్టుకోకూడదు. నా సీట్లోకి వచ్చిన అమ్మాయికి ఈ మాట గట్టిగా చెప్పి వచ్చాను, ఆమె పుస్తకంలో రాసుకుంది కూడా. ఇకముందు ఏ రోడ్డుకైనా అది పనికొస్తుందేమో. ఎర్రమిట్టపల్లెకు పనికిరాలేదు. స్టేట్ హైవేల జాబితాలో ఆ గడి ఇప్పటికీ తెల్లగానే ఉంది, ఆ రోడ్డు ఇప్పటికీ ఏ జాబితాలోనూ లేదు.

రిటైరయ్యాక ఒకసారి పొదిలి బస్టాండులో కాశయ్య కనిపించాడు. సుబ్బయ్య కూడా పోయాడని చెప్పాడు. ఎట్లా పోయాడని నేను అడగలేదు. "ఆ రోజు వాగులో నీళ్లున్నాయా?" అని అడిగాను. లేవన్నాడు, ఎండే కాస్తోందన్నాడు. అప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. కాశయ్య నా మొహంలోకే చూస్తున్నాడు.