లక్ష్మీరాజం మామ ఎక్కని రైళ్ళు

మా లక్ష్మీరాజం మామకు ఒక్కటే జబ్బు. చలికాలం రాగానే దూరప్రయాణం పెట్టుకుంటాడు, ఏ ఊరు పోవాలో తేలక మానేస్తాడు. అసలు మా లక్సెట్టిపేటకు రైలే లేదు. బండి ఎక్కాలంటే బస్సులో మంచిర్యాల పోవాలి. అయినా మామ కుట్టుమిషను మీద గుడ్డకంటే ముందు రైల్వే టైంటేబులు పరచి ఉండేది. అంగీ కుట్టించుకోవడానికి పోయినవాడికి ఇటార్సీలో బండి ఎన్నింటికో చెప్పి, ఆ తర్వాతే మెడ కొలిచేవాడు.

"ఢిల్లీ పోదామా అల్లుడా?" అనేవాడు నాతో.

"పోదాం మామా."

"వద్దు. గా చలికి మనిషి కట్టె అయితడు."

"కలకత్తా?"

"ఊరంత చేపల వాసనట."

"మద్రాసు?"

"చలికాలంల సుత ఉక్కపోస్తదట. గంత దూరం పోయి చెమటలు కక్కుడెందుకు?"

ఒకసారి కాశీ అన్నాను, దానికైతే వంక పెట్టలేడని. "కోతులు" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

కిష్టవ్వత్త గోస వేరు. మామ ఊరి పేరు చెప్పగానే దారిలో తినడానికని డబ్బా నిండా సకినాలు చేసేది. ప్రయాణం ఆగిపోగానే తిట్టుకుంటూ వాడకట్టంతా పంచేది. "పిండి నాది, నూనె నాది, రైలు మాత్రం ఎవనిదో!" అనేది. ఆ లెక్కన నేను ఢిల్లీ సకినాలు తిన్నాను, కలకత్తా గారిజెలు తిన్నాను, మద్రాసు అరిసెలు తిన్నాను. అన్నీ మా అరుగు మీద కూర్చునే. దేవుడా, మామ ఎప్పటికీ రైలెక్కకూడదని మనసులో మొక్కుకునేవాణ్ణి కూడా.

ఊరు తేల్చుకునే ముందు మామ ఇంటింటికీ తిరిగి, "నువ్వైతే ఏ ఊరు పోతవ్?" అని అడగడం ఆనవాయితీ. తలా ఒక ఊరు చెప్పేవాళ్ళు. "నాకెందుకు ఊర్లు" అనేది ఇద్దరే. ఒకరు మా బాపు, పేపరు కిందికి దించకుండానే అనేవాడు. రెండోది మామ పక్కింట్లో మగ్గం నేసే శంకరవ్వ. ఆమె భర్త బొంబాయి మిల్లులో పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చి ఆ ఊరి ముచ్చట్లు చెప్పేవాడు. ఆయన చనిపోయాక శంకరవ్వ ఒంటరిగా నేసుకుంటూ బతుకుతోంది. ఎవరెక్కడికి రమ్మన్నా ఒకటే మాట. "ఒకరి కాళ్ళకు అడ్డంపడి తిరుగుడు నాతోని గాదు." ఆమె ఆ మాట అన్న మరునాడే మామ ప్రయాణం మానేసేవాడు. ఆ సంగతి గమనించే తెలివి నాకెక్కడిది, సకినాల ధ్యాసలో ఉండేవాణ్ణి.

అరవై ఒకటి చలికాలంలో మామ బొంబాయి అన్నాడు. అత్త సకినాలు వేసింది. మామ నన్ను వెంటేసుకొని పోయి శంకరవ్వ మగ్గం పక్కన కూర్చొని, వంకలు మొదలుపెట్టాడు.

"బొంబాయిల ఏమున్నదక్కా? గా సముద్రం తప్ప."

మగ్గం ఆడుతూనే ఉంది.

"సముద్రమంటే ఏంది? ఉప్పునీళ్ళు. వానకాలంల మన గోదారి గంతే ఉంటది."

మగ్గం ఆగింది. "గోదారికి అవతలి ఒడ్డు కనబడ్తది తమ్మీ."

"దానికి కనబడదా?"

"కనబడదు."

"నువ్వు చూసినవా?"

"మా ఇంటాయన చూసిండు. నీళ్ళు పోయి ఆకాశానికి తగుల్తయట. నన్ను తోల్కపోయి చూపిస్తనన్నడు."

"మిల్లుల దారం పోగులు ముడేసేటోనికి సముద్రమెక్కడిది? కోతలు కోసిండు."

పోయినవాణ్ణి పట్టుకొని అంత మాటా! శంకరవ్వ దిగ్గున లేచింది.

"నీ నోరు పడిపోను! మా ఇంటాయన అబద్ధమాడడు!"

"అయితే పందెం. ఒడ్డు కనబడితే నాకు పంచె నేసియ్యాలె. కనబడకుంటె నీకు నేను రైక కుట్టి ఇస్త."

"ఒకటి గాదు, రెండు!"

"రెండే. మరి ఎవరు చూసి రావాలె? నేను చూసొస్తే నువ్వు నమ్మవు. నువ్వు చూసొస్తే నేను నమ్మ."

"ఇద్దరం చూద్దాం! కిష్టవ్వను సుత సాక్ష్యం తీస్కరా! నా టికెట్టు నేనే కొనుక్కుంట!"

"నీ ఇష్టం" అన్నాడు మామ నీరసంగా, పెద్ద పరేషాన్‌లో పడ్డవాడిలా.

బండి టైము చూడాలని నన్ను టైంటేబులు తెమ్మన్నాడు. తెచ్చి తెరిస్తే, ఢిల్లీ, కలకత్తా పేజీలు కొన్ననాటిలాగే పెళపెళలాడుతున్నాయి. వార్ధా నుంచి బొంబాయి పోయే పేజీ ఒక్కటే గుడ్డలా మెత్తబడి ఉంది. దాని నిండా పెన్సిలు గీతలు.

బయటికి రాగానే అడిగాను. "మామా, ఇదేంది?"

"నీకు చెవులున్నయా అల్లుడా? నేను బొంబాయి పేరు చదివినప్పుడల్లా పక్కింట్ల మగ్గం ఆగుతుండె. రమ్మంటే రాదాయె. నాలుగేండ్లాయె అడుగవట్టి. కొట్లాడితే వస్తదని ఇప్పుడెరుకైంది." ఆగి, వేలు చూపించాడు. "ఎక్కడన్న నోరు జారినవనుకో, సకినాలు బంద్."

సకినాలు ఎలాగూ బందే అయ్యాయి. మొట్టమొదటిసారి అవి లక్సెట్టిపేట పొలిమేర దాటి నిజంగా రైలెక్కాయి. ఆ పది రోజులూ నేను పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు.

తిరిగొచ్చాక అత్త చెప్పింది. "శంకరవ్వ మోకాళ్ళ దాంక నీళ్ళల్ల దిగి, 'చూస్తివా తమ్మీ, మా ఆయన చెప్పినట్టే లేదా?' అన్నది. గీయన ఇంకా కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని అవతలి ఒడ్డు దేవులాడుతుండు! ఒప్పుకోవాలంటే పానం పోతదాయె."

మామ రెండు రైకలూ కుట్టాడు. శంకరవ్వ అవి తొడుక్కొని వాడకట్టంతా తిరిగి, తన భర్త గెలిచిన సంగతి చెప్పుకుంది. మామ మాత్రం నెల రోజులు, "సముద్రం బాగనే ఉన్నది గాని ఉప్పు జర ఎక్కువైంది" అంటూ తిరిగాడు.

మరుసటి ఏడు చలి మొదలైంది. ఒక పొద్దున మామ టైంటేబులు చంకన పెట్టుకొని మా అరుగెక్కాడు. బాపు పేపరు చదువుతున్నాడు. ఆయన వెనక గోడకు ఎర్రకోట బొమ్మ ఉన్న కేలండరు. అది ఎన్నేళ్ళ కిందటిదో, ఎవరినీ తియ్యనిచ్చేవాడు కాదు.

"ఢిల్లీల ఏమున్నది బావా?" అన్నాడు మామ. "గా ఎర్రకోట తప్ప. మన జగిత్యాల ఖిల్లా గంతే ఉంటది."

పేపరు కిందికి దిగింది.

నేను గబగబా లోపల అమ్మ దగ్గరికి పోయి, "అవ్వా, ఈ యేడు సకినాలకు బియ్యం మనమే నానపోసుకోవాలె" అన్నాను.