స్తోత్రం చెప్పని ప్రార్థన

నందికొండలో డ్యాం కడుతున్న రోజుల్లో, పాలమూరు నుంచి కూలికి పోయిన మేము రేకుల గుడిసెల్లో ఉండేవాళ్లం. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి గుడిసెలో ప్రార్థన కూటం జరిగేది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఒక్కొక్కరూ చెప్పాలి, మిగతావాళ్లు "స్తోత్రం" అనాలి.

డ్యాం పనిలో మా బాపు కాలి మీద బండ పడ్డ వారం కూటం మా గుడిసెలోనే. ఆయన మంచంలో మూలుగుతుంటే, కోస్తా నుంచి వచ్చిన పాస్టరు నా వైపు తిరిగి, "దేవుడు మీ నాన్న ప్రాణం నిలిపాడు కదమ్మా, స్తోత్రం చెప్పు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది.

"నేను చెప్ప. గా బండ పడేటప్పుడు దేవుడు యాడున్నడో ముందుగాల ఆయన్నే చెప్పుమను."

నన్ను కన్న అవ్వ నా నోరు మూయబోయింది. ఆమె చెయ్యి తోసేసి, కళ్లు తెరిచే, పైన రేకులవైపు చూస్తూ, "ప్రభువా, నిన్నే అడుగుతున్న" అని గట్టిగా అడిగాను. అప్పటిదాకా పెద్దలు నేర్పిన మాటలే వల్లించేదాన్ని. ఆయనతో నేరుగా మాట్లాడడం అదే మొదలు.

"దేవుడితో పోట్లాడే పిల్లకి విశ్వాసమెక్కడిది?" అని పాస్టరు తేల్చేశాడు. దేవుడు లేడనుకుంటే నేను ఎవరితో కొట్లాడతాను?

బాపు బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. నాకు జవాబు ఇంకా రాలేదు. అందుకే ఇన్నేళ్లలో ఒక్క రోజు కూడా ప్రార్థన మానలేదు. చెప్పేదాకా ఆయన్ని వదలను.