ఆగమన్నా వినలేదని పెట్టిన సంతకం

సముద్రంలో గాలిమరలు పాతి కరెంటు తీస్తారని మా పల్లెలో మొదట చెప్పినవాడు గుడివాడ కాంట్రాక్టరు. మాది పాలకాయతిప్ప దగ్గర, ఏటిమొగకి ఆనుకుని ఉన్న చిన్న పల్లె. అందరం చేపల వేట మీద బతికేవాళ్లమే. ఆయన కారు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడుచుకుంటూ వచ్చాడు. వచ్చిన గంటకే మా అందరి చేతా మావయ్యా అని పిలిపించుకున్నాడు.

"మరలు ఇప్పుడే పాతరురా. ముందు అక్కడ గాలి ఎంత వీస్తుందో కొలవాలి, అడుగున మట్టి ఎలా ఉందో చూడాలి. గుజరాత్ సముద్రంలో ఆ పని నడుస్తోంది. ఇంజనీర్లకి చదువుంది గానీ బోటు మీద కాళ్లు నిలవవు. మీకు నిలుస్తాయి" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. మా ఒంటికి తెలిసిన విద్యకి ఒకడు విలువ కట్టడం అదే మొదలు. నేను వెళ్లాను.

ఒడ్డు కనబడనంత దూరంలో, నీళ్లలో ఒక లావుపాటి ఇనప స్తంభం. దాని నెత్తిన గదంత అరుగు, అరుగు మీద గాలిని కొలిచే యంత్రాలు. నాలుగైదు రోజులకోసారి ఇంజనీర్లని అక్కడికి ఎక్కించి, మళ్లీ దింపి తీసుకురావడం మా పని. స్తంభానికి నిచ్చెన ఉంటుంది. బోటు ముక్కుకి మందపాటి రబ్బరు కట్టి ఉంటుంది. ఇంజను జోరు మీద ఆ ముక్కుని నిచ్చెనకి ఆనించి నొక్కి పట్టాలి. కెరటం బోటుని పైకెత్తిన క్షణాన నిచ్చెన మీదికి అడుగు వేయాలి. ఆ అడుగు కాస్త ఆలస్యమైతే బోటు కిందికి జారిపోతుంది, వెంటనే వెనకాల కెరటంతో మళ్లీ లేస్తుంది. అప్పుడు రబ్బరుకీ ఇనుముకీ మధ్య ఏముంటే అది నలుగుతుంది.

మా నాన్న వేటకి వెళ్లే ముందు ఒడ్డున నిలబడి నీళ్లని చూసేవాడు. నచ్చకపోతే వల భుజాన వేసుకుని వెనక్కి వచ్చేసేవాడు. ఇక్కడ నీళ్లని చూడటం మా పని కాదు. కెరటం ఎంత ఎత్తుందో రేడియోలో చెబుతారు, సూపర్‌వైజర్ దాన్ని పుస్తకంలో రాసుకుంటాడు. ఇంత దాటితే ఎవరూ ఎక్కకూడదని బోటులో బోర్డు కూడా రాసి పెట్టారు.

మాతో శ్రీకాకుళం మనిషి ఒకడుండేవాడు. నాకంటే పెద్దవాడు, అన్నా అనేవాణ్ణి. పడక పక్కపక్కనే. ఇంటి నుంచి తెచ్చుకున్న ఎండుచేపలు నాకు పెట్టకుండా తినేవాడు కాదు.

మొదటి ఏడాది చివర్లో ఒకరోజు కెరటాలు బాగా లేచాయి. పైన యంత్రం ఆగిపోయింది, కంపెనీవాళ్లు పొద్దుటి నుంచీ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఇంజనీరుకి తోడుగా ముందు అన్న ఎక్కాలి. అన్న వెనక్కి తిరిగి సూపర్‌వైజర్ ముఖంలోకి చూశాడు. "ఎక్కు, ఏం కాదు, ఎక్కు" అన్నాడు సూపర్‌వైజర్. బోటు ముక్కు దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డది నేనే. ఆ మాట నా చెవిలో చెప్పినంత స్పష్టంగా వినబడింది. అన్న చెయ్యి చాచి నిచ్చెన మెట్టు పట్టుకున్నాడు, కాలు అందలేదు. బోటు దిగి లేచేసరికి ఆ కుడిచెయ్యి మధ్యలో ఉండిపోయింది.

ఒడ్డుకి తీసుకెళ్లాక ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

మూడోరోజు సూపర్‌వైజర్ నన్ను పిలిచి ఒక కాయితం ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చదివి వినిపించాడు. కెరటం ఎత్తుగా ఉంది, ఆగమని గట్టిగా చెప్పినా వినకుండా ఎక్కాడు, ఈ సూపర్‌వైజర్ అలాంటప్పుడు ఎవరినీ ఎక్కనివ్వరు, ఇది నేను కళ్లారా చూశాను అని. నేను పెన్ను పట్టుకోకుండా నిలబడితే గుడివాడకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

"అతన్ని మనం చూసుకుంటాంరా. ఇది ఊరికే కంపెనీకి చూపించే కాయితం. నువ్వు పెట్టకపోతే మనోళ్లందరి పనీ పోద్ది" అన్నాడు కాంట్రాక్టరు మావయ్య.

సంతకం పెట్టాను.

ఈ మాట రాసేటప్పుడు ఏదో ఒక సాకు వెతుక్కోవాలనిపిస్తుంది. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడనో, అప్పుల్లో ఉన్నాననో. అలాంటివేవీ లేవు. భయపడ్డాను, అంతే. తర్వాత నెలలో నన్ను బోటు ముక్కు పనివాళ్లకి పెద్దని చేశారు. దేనికి చేశారో నాకు తెలుసు. వద్దనలేదు.

అన్నని ఇంటికి పంపేశారు. అన్న భార్య నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. పేరు చూసి ఎత్తలేదు.

మరుసటి ఏడాది నా వంతు వచ్చింది. బోటు ముక్కు రబ్బరు చిరిగిపోతే నేనే సూపర్‌వైజర్‌కి చెప్పాను. కొత్తది వచ్చేదాకా లారీ టైరు కట్టించాడు. టైరుకి నిచ్చెన మీద పట్టు ఉండదు, జారుతుంది. అది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆరోజు కెరటం ఎంతుందో రేడియోలో చెప్పగా నేనూ విన్నాను. "ఎక్కు" అన్నాడు. ఎక్కాను. కుడికాలు మెట్టు మీద ఉంది, ఎడమకాలు ఇంకా బోటు మీద ఉంది. బోటు జారింది. నొప్పి కంటే ముందు చప్పుడు వినబడింది. పచ్చి కర్ర విరిగిన చప్పుడు. అది నా కాలేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

మోకాలి కింద నుంచి తీసేశారు. ఇంకా మత్తు పూర్తిగా దిగకముందే కంపెనీ ఆఫీసు మనిషి పళ్లు పట్టుకుని వచ్చాడు. వైద్యం అంతా వాళ్లే చేయించారు కాబట్టి ఇక ఏమీ అడగనని ఒక కాయితం. అందులోనూ సంతకం పెట్టాను. నాకు సంతకాలు అలవాటైపోయాయి.

గుడివాడ స్టేషన్లో కాంట్రాక్టరు వచ్చి నన్ను దింపుకున్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. "నేనున్నానురా" అన్నాడు. నెల తిరిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఎత్తకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు నాకు అవతలి వైపు నుంచి తెలిసింది.

ఒంటికాలితో ఇసకలో నడవలేను, పడవ ఎక్కలేను. పల్లె వదిలేసి బందరు వచ్చాం. చిలకలపూడిలో చిన్న గది తీసుకున్నాం. నా భార్య రోల్డుగోల్డు గొలుసులకి లంకెలు కలిపే పని నేర్చుకుంది. ఆ పని ఇచ్చే సాయిబు గారే మా సంగతి విని, గుడివాడలో ఒక లాయరమ్మ ఉందనీ, పనిలో దెబ్బ తగిలినవాళ్ల కేసులు చూస్తుందనీ చెప్పారు. నేను వద్దన్నాను. "కాలు పోయింది నీకు. నోరు కూడా పోయిందా?" అంది నా భార్య. మర్నాడే బస్సెక్కించింది.

లాయరమ్మ నా కాయితాలన్నీ చదివి పక్కన పెట్టింది. "ఆసుపత్రిలో పెట్టిన సంతకం గురించి భయపడకండి. పరిహారం వదులుకుంటున్నానని మీ చేత ఎన్ని రాయించుకున్నా చట్టం ఒప్పుకోదు" అంది.

"నేను కాంట్రాక్టరు మనిషినని కంపెనీ అంటోందండీ."

"అననివ్వండి. పని కంపెనీది. ముందు వాళ్లే కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర వాళ్లే రాబట్టుకోవాలి. దీనికోసం మీరు గుజరాత్ వెళ్లక్కర్లేదు. మీరుంటున్న చోటే, బందరు లేబరాఫీసులో వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి, మనకి టైముంది."

నా భార్య నా వైపు చూసింది. ఇవన్నీ ఉన్నాయని మాకు ఎవరూ చెప్పలేదు.

"వాళ్లకి ఒకటే దారుంది" అంది లాయరమ్మ. "మీ ప్రాణం కోసమే ఆగమన్నారని, మీరు కావాలని ఆ మాట కాదన్నారని నిరూపించాలి. మీ తోటివాళ్లు ఇద్దరు అలాగే రాసిచ్చారు. ఆగమన్నారా?"

"అనలేదండీ. ఎక్కమన్నారు."

"నాకు చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా? తర్వాత బయటపడితే ఇబ్బంది."

"ఏం లేదండీ" అన్నాను.

లేబరాఫీసులో విచారణ రోజున కంపెనీ లాయరు నాతో చాలా మర్యాదగా మాట్లాడాడు. కూర్చునే చెప్పమన్నాడు. కర్ర కింద పడితే వంగి తీసిచ్చాడు. తర్వాత ఒక కాయితం నా ముందు పెట్టాడు.

"ఈ సంతకం మీదేనాండీ?"

చూశాను. "నాదే."

"కెరటం ఎత్తుగా ఉన్నప్పుడు ఈ సూపర్‌వైజర్ ఎవరినీ ఎక్కనివ్వరని మీరే రాసిచ్చారు. మరి మిమ్మల్ని ఎక్కమన్నారంటున్నారు. ఏది నిజం?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నా భార్య వెనక బల్ల మీద కూర్చుని ఉంది. అటు చూడలేదు.

"అది అబద్ధమండీ. ఆయన అప్పుడూ ఎక్కమనే అన్నాడు."

"అంటే అవసరమైతే అబద్ధం రాసిస్తారన్నమాట."

"రాసిచ్చానండీ."

"అప్పుడు అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెప్తున్నాడని మేం ఎలా నమ్మాలి?"

 నేను చెప్పిందంతా కేసు వింటున్న ఆఫీసరు పొల్లుపోకుండా టైపు చేయించారు.

బయటికి వచ్చాక లాయరమ్మ వరండాలో నిలబెట్టి తిట్టింది. "అడిగాను కదండీ ఆరోజు. నేరుగా అడిగాను కదా!"   ఇంటికొచ్చాక నా భార్య గొలుసు పని ముందేసుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ వేళ్లు పోయినాయనకి పెళ్లాం ఉందా?"

"ఉంది."

"ఇప్పుడు ఆవిడ ఏం పని చేస్తోంది?"

"తెలీదు."



చాలారోజులకి మళ్లీ వెళ్తే లాయరమ్మ కాస్త చల్లబడి ఉంది. "ఆ శ్రీకాకుళం ఆయన గడువు దాటిపోయింది. కానీ ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే తీసుకోవచ్చు. ఆఫీసరు ముందు మీరు ఒప్పుకున్న మాటే ఆయనకి పెద్ద ఆధారం. ఆయన వచ్చి చెబితే మీ కేసుకీ బలం" అంది. అన్న పాత నంబరు పనిచేయడం లేదు, తోటివాళ్లలో ఒకడి దగ్గర కొత్త నంబరు సంపాదించి ఫోన్ చేశాను.

"ఎవలు?" అన్నాడు. చెప్పాను.

"ఇన్నాళ్లకి అన్న గుర్తొచ్చినాడా తమ్మీ?"

నా కాలి సంగతి, కేసు సంగతి, లాయరమ్మ చెప్పిందీ అంతా చెప్పాను.  లైను కట్టయిందేమోనని "అన్నా" అన్నాను.

"ఇంటన్నాను సెప్పు."

"నువ్వు ఒక్కసారి బందరు వస్తే..."

"నీ కాలుకి నాను సాచ్చికం సెప్పాల. నా సేతికి నువ్వేటి సెప్పినావు? నా ఆడది రెండుమార్లు పోను సేసింది. ఎత్తితే ఏటయిపోను నీకు?" గొంతు పెంచలేదు. ఎండుచేపలు పెట్టినప్పటి గొంతే. "ఉంటాను తమ్మీ" అని పెట్టేశాడు.

లాయరమ్మ నా వాంగ్మూలం నకలు తీయించి ఆ ఊరికి రిజిస్టరు పోస్టులో పంపింది. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. అన్నకి సంతకం పెట్టడం బాగా వచ్చు, మా అందరిలోకీ చక్కని అక్షరాలు తనవే. కార్డు మీద వేలిముద్ర ఉంది. ఆ నకలుతో ఏం చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నా కేసు నేను అనుకున్నట్టు పోలేదు. నన్ను నిలబెట్టింది నా మాట కాదు. లాయరమ్మ పట్టుబట్టి బోటు పుస్తకం తెప్పించింది. ఆరోజు పేజీలో కెరటం ఎత్తు బోర్డు మీద రాసిన హద్దు దాటి ఉంది. పక్కనే సూపర్‌వైజర్ చేతిరాతతో, మనుషుల్ని ఎక్కించడం మొదలైందని టైముతో సహా రాసి ఉంది. ఆపిన వాడు అలా రాసుకోడు కదా అన్నారు ఆఫీసరు. పరిహారం ఇవ్వమని రాశారు. ఇతని మాట నమ్మదగింది కాదు గానీ పుస్తకం అబద్ధం చెప్పదు అని కూడా అందులోనే రాశారు. లాయరమ్మ తెలుగులో చదివి వినిపిస్తూ ఆ వాక్యం దగ్గర ఆగింది. చదవమన్నాను.

కంపెనీ హైకోర్టుకి వెళ్లింది. అక్కడ ఎప్పటికి తేలుతుందో లాయరమ్మ కూడా చెప్పలేనంది. అప్పీలుకి ముందు కంపెనీ కట్టిన డబ్బు లేబరాఫీసులో ఉంది, అందులో నాకు కొంత ఇచ్చారు. దాంతో కట్టుడు కాలు వేయించుకుని చేపల మార్కెట్లో ఐసు తూకం దగ్గర కూర్చుంటున్నాను.

ఈ ఏడాది కాంట్రాక్టరు మళ్లీ మా పల్లెకి వచ్చాడట. ఈసారి తమిళనాడు సముద్రం. నా భార్య తమ్ముడు, ఇద్దరు పిల్లల తండ్రి, వెళ్తానని పేరిచ్చాడు. వచ్చి చెబితే కూర్చోబెట్టి నాకు తెలిసిందంతా చెప్పాను. పనిలో పెట్టుకున్న కాయితం చేతికి తీసుకో, కెరటం ఎత్తు రాసిన పేజీ రోజూ ఫోటో తీసి ఇంటికి పంపు, చదవలేనిదాని మీద సంతకం పెట్టకు, ఎవడికి దెబ్బ తగిలినా చూసింది చూసినట్టు చెప్పు అని.

అంతా విన్నాడు. "సూపర్‌వైజరు ఎక్కమంటే ఎక్కనని అనగలమా బావా?" అన్నాడు.

"అనాలి" అన్నాను. వాడు నా కాలు వైపు చూశాడు. నా భార్య గొలుసు మీంచి తల ఎత్తలేదు.

వెళ్లి నాలుగు నెలలైంది. మొదటి వారం రెండు ఫోటోలు వచ్చాయి, తర్వాత రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా కెరటాలు ఎలా ఉన్నాయని అడుగుతాను. "అంతా బానే ఉంది బావా" అంటాడు. పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అంటాడు.