బయలుదేరినవాణ్ణి అడగకూడని మాట

పోయిన నెల పుట్టపర్తిలో ఉద్యోగ మేళా పెట్టారు. ఒకప్పుడు మా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు అలాంటి మేళాలు నడిపే పెద్దమనిషి అయ్యాడు. నన్ను పిలిపించి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఈ కరువు నేలలో ఎందరో బీదపిల్లలకు దారి చూపిన మహానుభావుడని మైకులో చెప్పాడు. ఎండలు ఇంకా తగ్గలేదు. శాలువా కింద చెమటలు కారుతున్నా, తీసేస్తే మర్యాద కాదేమోనని అట్లాగే కూర్చున్నాను. కింద మైదానంలో ఒక బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. ఎంపికైన పిల్లలు సంచులు పట్టుకుని ఎక్కుతున్నారు. పూలమ్ముకునే ఒకామె ఊరికే పలకరింపుగా, "యాడికమ్మా, పిల్లోళ్ళంతా?" అంది. మెట్టు దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని ఉన్న తల్లి గిరుక్కున తిరిగి, "నీ నోట్లో మన్ను పడ! పయనమైనోళ్ళను యాడికని అడుగుతారా ఎవురన్నా?" అని కసిరింది. కూతురిని కిందికి దింపి, సీసాలోని నీళ్ళు రెండు గుక్కలు తాగించి, మళ్ళీ ఎక్కించింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అప్పుడే మైకులో నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగాలేదని చెప్పి దిగి వచ్చేశాను. గొంతు బాగానే ఉంది.

ఈ పట్టింపు తెలుగువాళ్ళందరికీ ఉన్నదే. మా అనంతపురం వాళ్ళకు మాత్రం దీనితో ఒక చిక్కు అదనం. మా యాసలో ఎక్కడికి అంటే యాడికి; మా జిల్లాలో యాడికి అనే ఊరే ఒకటుంది. మా అమ్మ పుట్టిల్లు ఆ ఊళ్ళోనే. బస్సెక్కి "ఒక టికెట్టు, యాడికి" అంటే, కొత్త కండక్టరైతే "ఆ మాట నేనడగాల గదప్పా, నువ్వెట్లడుగుతావు?" అనేవాడు. మా ఇంట్లో అది నవ్వులాట కాదు. అమ్మ పుట్టింటికి బయలుదేరిన పొద్దున ఆ ఊరి పేరు ఎత్తడానికి వీల్లేదు. పేరు చెప్పినా అడిగినట్టే అవుతుందని మా జేజి, అంటే నాయనమ్మ, తీర్మానం. "అమ్మోళ్ళ ఊరు" అనాలి. నేనొకసారి మరిచిపోయి అసలు పేరు అన్నందుకు అమ్మ చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరింది. ఈలోగా బస్సు పోయింది. నా వీపు మీద పడిన దెబ్బలకు ఆ బస్సూ ఒక కారణం. తర్వాత కాలేజీలో చదువుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఇవన్నీ మూఢనమ్మకాలని ఊరూరా చెప్పే స్వచ్ఛంద సంస్థలో చేరాను.

రెండు వేల సంవత్సరం అటూ ఇటూగా, ఊరి చివర మూతపడిన శెనక్కాయల మిల్లులో మా శిక్షణ కేంద్రం నడిచేది. ఎప్పుడైనా నాలుగు చినుకులు పడితే గోడల్లోంచి కాయపొట్టు వాసన లేచేది. పంట పోయిన ఇళ్ళ పిల్లలకు కరెంటు వైరింగు, కుట్టుపని, డ్రైవింగు నేర్పేవాళ్ళం. నేర్పడం వేరేవాళ్ళ పని. నేర్చినవాళ్ళకు ఉద్యోగాలు చూడడం నాది. "పనిచ్చే సారు" అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు వింటే నాకు కడుపు నిండేది. నిండిన కడుపుతో మనిషి కొంచెం మందగిస్తాడు.

కేంద్రంలో వంట చేసే ఆమెను అందరం పెద్దక్క అనేవాళ్ళం. బెళుగుప్ప దగ్గర పల్లె. మొగుడు లేడు. గొర్రెలు కాస్తూ పెరిగిన ఒక్కగానొక్క కొడుకును వెంటబెట్టుకుని వచ్చి వైరింగులో చేర్పించింది. ఆమె చెల్లెలి కొడుకూ వాడి వెనకే వచ్చాడు. ఇద్దరినీ చూస్తే ఒక గొర్రె, దాని నీడ అనిపించేది. పెద్దక్క కొడుకు మాటలపోగు. నేను మీటింగుల్లో కళ్ళజోడు సర్దుకుంటూ మాట్లాడే తీరును పొల్లుపోకుండా చేసి చూపించేవాడని నాకు తెలుసు. ఒకరోజు పట్టుకున్నాను. "ఏమప్పా, నా మాదిరి చేస్తాండావంట?" అన్నాను, వాడి యాసలోనే. "లేదు సార్, ప్రాక్టీసు చేస్తాండా. రేపు మీరు రిటైరైతే ఎవురో ఒకరు కావల్ల గదా," అన్నాడు. వంటింట్లోంచి పెద్దక్క గరిటె చూపించింది.

అప్పుడొచ్చాడు ఆ ఏజెంటు. బళ్ళారి వైపు మనిషి, ఇస్త్రీ చెదరని చొక్కా. ఉత్తరాన పెద్ద ఫ్యాక్టరీకి కరెంటు పని తెలిసిన కుర్రాళ్ళు కావాలన్నాడు. "దొడ్డ కంపెనీ సార్. ఊట, రూము ఎల్లా వాళ్ళదే." తిండీ గదీ అన్నీ వాళ్ళవేనని, సగం కన్నడంలో. ఏం కంపెనీ అంటే రాళ్ళ కంపెనీ అన్నాడు. ఏ ఊరు అంటే, స్టేషన్ దిగినాక ఇంకా లోపలికి పోవాలన్నాడు. నాకు అక్కడ ఆగి గట్టిగా అడగాలని అనిపించింది. అనిపించిందని ఒప్పుకోవడం ముఖ్యం, ఎందుకంటే తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు. ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. పని నేర్చి ఖాళీగా కూర్చున్న కుర్రాళ్ళు కేంద్రం గోడ మీద వరసగా కాకుల్లా కనిపించేవాళ్ళు. మా సంస్థకు డబ్బిచ్చే పెద్దలు చూడడానికి వస్తున్నారు. రేపడుగుదాం, బయలుదేరే ముందు అడుగుదాం అని జరిపాను.

బయలుదేరే పొద్దు వచ్చింది. పెద్దక్క కొడుకూ, ఆమె చెల్లెలి కొడుకూ సహా కుర్రాళ్ళు జీపులో కిక్కిరిసి కూర్చున్నారు. ఏజెంటు డ్రైవరు పక్కన ఎక్కాడు. అప్పుడు నేను ముందుకు వంగి, "ఇంతకీ సరిగ్గా ఎక్కడికి..." అన్నాను. పెద్దక్క నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టినంత పని చేసింది. "సారూ! సదువుకున్నోరు మీరే అట్లంటే ఎట్ల? బండెక్కినోళ్ళను యాడికని అడగగూడదు!" జీపంతా గొల్లుమంది. ఆమె కొడుకు తల బయటపెట్టి, నా గొంతుతోనే, "మూఢనమ్మకాలు మన అభివృద్ధికి ఆటంకం!" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నాకొక తేలికతనం దొరికింది. ఆచారం నా ప్రశ్నను మింగేసింది, తప్పు నాది కాకుండా పోయింది అనుకున్నాను. కానీ ఆచారం కాపు కాసేది ఆ చివరి నిమిషానికే. దానికి ముందు రోజులన్నీ నా చేతిలోనే ఉన్నాయి. జీపు ఎర్రదుమ్ము లేపుకుంటూ పోయింది. పోయిన చాలాసేపటికి కూడా ఆ దుమ్ము కింద పడలేదు. గాలి ఆడలేదు.

కొన్ని నెలలకు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పెద్దక్క కొడుకే. "సార్, నేను తెల్లోణ్ణి అయిపోయినాను సార్."

"తెల్లోడివా?"

"ఈడ తెల్లరాయిని పిండి చేస్తారు సార్. పొద్దుగూకేతలికి జుట్టు, కనురెప్పలు అన్నీ తెల్లగైతాయి. అద్దంలో సూసుకుంటే మా జేజి నిలబడినట్టుంటాది."

"కరెంటు పని ఇచ్చారా?"

"ఈడ కరెంటు యాపొద్దూ పోదు సార్, ఇంగ నాకేం పనుంటాది? మిషన్లో రాళ్ళు పోస్తాండా." నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చింది, నవ్వు కంటే పొడుగ్గా. మూతికి టవలు కట్టుకోమన్నాను. ఊరి పేరు అడిగేలోగా లైను తెగిపోయిందని చాలా ఏళ్ళు అందరికీ చెప్పాను. తెగలేదు. నేనే పెట్టేశాను. డబ్బిచ్చే పెద్దలు ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. "మా కుర్రవాడే, ఉద్యోగంలోంచి చేశాడు," అన్నాను గర్వంగా. వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దక్క పక్కనే వంటింట్లో వంకాయలు తరుగుతోంది. పిలిస్తే పలికే దూరం. పిలవాలని తోచలేదు. మధ్యాహ్నం తినేటప్పుడు చెప్పాను, నీ కొడుకు ఫోన్ చేశాడు, బాగున్నాడంట అని. ఆమె నా పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. తర్వాత ఫోన్ రాలేదు. ఏజెంటు రెండో జీపుకు వస్తానని చెప్పి రాలేదు. వచ్చి ఉంటే దాన్నీ నింపి పంపేవాణ్ణే.

మరుసటి ఏడు విత్తనాల కాలంలో, మబ్బులు వచ్చి చూసిపోతున్న రోజుల్లో, చెల్లెలి కొడుకు ఒక్కడే కేంద్రం అరుగు మీద కూర్చుని కనిపించాడు. మొదట ఎవరో ముసలాయన అనుకున్నాను. చొక్కా చిలక్కొయ్యకు తగిలించినట్టు ఉంది. పెద్దక్క పరుగెత్తుకుంటూ వచ్చి వాడి వెనక్కి చూసింది, ఇంకొకడు కూడా ఉంటాడని.

"అన్న ఏడిరా?"

"అన్నను వేరే షెడ్డుకు తోల్కపోయిరి పెద్దమ్మా. లారీలో. నన్ను దగ్గుతాండానని ఇడిసిపెట్టిరి." ఒక్కో మాటకూ ఆగి ఊపిరి వెతుక్కున్నాడు.

"ఏ ఊరికి?"

"తెలీదు."

"అడగకపోతివా, యాడికని?"

వాడు నిజంగా ఆశ్చర్యపోయి ఆమె మొహంలోకి చూశాడు. "లారీ ఎక్కినాడు గదా పెద్దమ్మా. పొయ్యేటప్పుడు ఎట్లడిగేది?"

ఆమె చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకు జాగ్రత్తగా ఆనించి నా వైపు తిరిగింది. "సారూ, మీకు తెల్సుగదా. పంపించినోరు మీరే గదా. నా కొడుకు యాడుండాడు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. ఏజెంటు నంబరుకు ఫోన్ చేస్తే మోగడం కూడా లేదు. ఆమెను, ఆ దగ్గే కుర్రవాణ్ణి తీసుకుని గుంతకల్లులో వాడు చూపించిన రైలెక్కాను. ఆమె దారంతా కిటికీ దగ్గర కూర్చుంది. స్టేషన్ పేర్లు వాళ్ళిద్దరూ చదవలేని అక్షరాల్లోకి మారిపోయాయి. కుర్రవాడు పేరు చెప్పలేకపోయాడు కానీ, స్టేషన్ బయట వంగిపోయిన నీళ్ళ ట్యాంకును గుర్తుపట్టాడు. అక్కణ్ణుంచి లోపలికి పోయేకొద్దీ రంగు తగ్గిపోయింది. తుమ్మచెట్లు తెల్లగా ఉన్నాయి. కుక్కలు తెల్లగా ఉన్నాయి. మా ఊళ్ళో కరువు ఎర్రగా ఉంటుంది, మనిషి దాన్ని తిట్టుకోగలడు. ఈ తెలుపును చూస్తే తిట్టడానికి కూడా నోరు తెరవాలనిపించలేదు. వీళ్ళు పనిచేసిన షెడ్డు ఖాళీగా ఉంది. మిషన్లు పీకేసుకుపోయారు, నేలలో బోల్టులు మాత్రం నిలబడి ఉన్నాయి. పక్క షెడ్డు కాపలావాడు, నా వచ్చీరాని హిందీకి, చెయ్యి గాల్లో ఊపాడు. పోయారు. ఎటు అంటే, మళ్ళీ అదే చెయ్యి, అదే ఊపు. పెద్దక్క షెడ్డు మధ్యకు పోయి, గుట్ట అవతలికి తప్పిపోయిన గొర్రెను పిలిచే కూత ఒకటి పెట్టింది. పైరేకులు గణగణమన్నాయి. కుర్రవాడు చెవులు మూసుకున్నాడు.

తిరిగొచ్చాక పోలీసులకు చెప్పాం. వాళ్ళు నన్నే అడిగారు, అక్కణ్ణుంచి ఏ ఊరికి తీసుకుపోయారండీ అని. కుర్రవాడికి మొదట క్షయ మందులిచ్చారు. తర్వాత ఒక డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి, ఇది క్షయ కాదు, ఊపిరితిత్తుల్లో రాతిపిండి పేరుకుంది, కడిగే మందు లేదు అన్నాడు. వాన పడకముందే వాడు పోయాడు. జీపులో వెళ్ళిన మిగిలినవాళ్ళు ఒకరొకరుగా వచ్చారు, దగ్గుతూ. అందరి ఇళ్ళకూ వెళ్ళాను. కొన్ని ఇళ్ళలో కూర్చోమన్నారు, కొన్ని ఇళ్ళలో అనలేదు. కూర్చోమన్న ఇళ్ళే కష్టం. పెద్దక్క కొడుకు రాలేదు.

ఆ తర్వాత కూడా అదే ఉద్యోగంలో ఉన్నాను. మానేస్తే తేలికయ్యేది. ప్రతి ఫ్యాక్టరీకీ ముందు నేను పోయి, పిల్లలు పడుకునే గదిలో ఒక రాత్రి పడుకుని, మిషన్ దగ్గర నిలబడి గాలి పీల్చి వచ్చాకే పంపేవాణ్ణి. ఏజెంట్లు విసుక్కునేవాళ్ళు. "పోలీసు సారు" అని కొత్త పేరు పడింది. చాలామంది పిల్లలు బాగుపడ్డారు, నిజమే. మేళాలో కప్పిన శాలువా అబద్ధమని అనను. అది కప్పినవాళ్ళకు తెలిసినది అంతవరకే.

పెద్దక్క కేంద్రం వదిలి పల్లెకు పోయింది. నాలుగు గొర్రెలు పెట్టుకుంది. ఎప్పుడైనా పోయి వస్తుంటాను. పోయిన ఉగాదికి ముందు వెళ్ళి, ఇంకో రాష్ట్రంలో ఒక రాతిమిల్లులో మన వైపు మాట మాట్లాడే మనిషొకడు ఉన్నాడని విన్నాను, నేను పోయి చూసొస్తాను అన్నాను. ఆమెకు నడుము వంగిపోయింది, కళ్ళు సరిగా ఆనవు. గొర్రెపిల్ల నోట్లో ఆకు పెడుతూ, తల ఎత్తకుండా అంది: "వద్దు సారూ. గమ్మునుండు. నువ్వు పోయి ఆడా ఈడా అడిగితే అచ్చిరాదు. వాడు బయల్దేరినాడు, ఇంగా చేరలా. దోవలో ఉండేవోణ్ణి అడగగూడదు."

మూఢనమ్మకం అని చెప్పే నోరు నాకు లేదు. అరుగు మీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగాను. నాకు ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి, జుట్టు నెరిసింది, ఉద్యోగం ముగిసింది. ఆమెకు మాత్రం ఆ ఇరవై ఏళ్ళు ఇంకా గడవలేదు. అవి ఒక్క ప్రయాణంలో జరుగుతున్న ఆలస్యం, అంతే.