మిగతా సగం

వారపత్రికకు గళ్ళనుడికట్టు తయారుచేసే ఆవిడ చూపుడువేలికి ఎప్పుడూ పెన్సిలు మసి అంటుకునే ఉంటుంది. స్కేలుతో గళ్ళు గీస్తుంది, పెదవి కొరుకుతూ ఆధారాలు రాస్తుంది, రబ్బరు పొట్టును ఉఫ్‌మని ఊదేస్తుంది. ఒక వారం ఆధారాలు, మరుసటి వారం జవాబులు అచ్చవుతాయి. డబ్బు మాత్రం ఏడాదిగా రాలేదు. అడగడానికి వెళ్ళినప్పుడల్లా యజమాని కాఫీ తెప్పించి, "వచ్చేవారం చూద్దామమ్మా" అనేవాడు. ఆవిడ కాఫీ ముట్టకుండా లేచొచ్చేది. చివరికి జవాబులు పంపడం మానేసింది.

"మొండికేస్తే ఉన్నదీ ఊడుతుందే" అంది అక్క.

"ఊడ్డానికి ఏముందక్కా?"

జవాబులు లేని సంచిక బయటికొచ్చాక పాఠకుల ఫోన్లతో ఆఫీసు హోరెత్తిపోయింది. యజమానీ సంపాదకుడూ ఆ గళ్ళతో కుస్తీ పట్టారు గానీ కొరుకుడు పడలేదు. ఆవిడను పిలిపించారు. యజమాని ఎప్పటిలాగే కాఫీ తెప్పించి, బాకీలో సగానికి చెక్కు రాసి, "ఇప్పటికిది ఉంచండమ్మా, జవాబులివ్వండి" అన్నాడు. ఆవిడ చెక్కు సంచీలో పెట్టుకుని, గళ్ళలో పై సగం నింపి, పెన్సిలు కింద పెట్టింది.

"మరి మిగతావి?"

ఆవిడ కాఫీ కప్పు మొదటిసారి దగ్గరకు లాక్కుని, తీరిగ్గా ఓ గుక్క తాగి, "వచ్చేవారం చూద్దామండీ" అంది.